సహజవాయువు: ధర నెవరు నిర్ణయింపవలెను?

రాజోలు ప్రాంతమునుండి శ్రోత యొకరు ఇటీవల మాకొక ఉత్తరము వ్రాసిరి. "మా కొబ్బరితోటల నడుమ వాయువు బావులున్నవి. ఈ వాయువునకు ధర కట్టుటకు మన ప్రభుత్వమువారు కొన్ని సంవత్సరములపాటు అమెరికాలోని యొక చిన్న ఊరి ధరను చూచెడివారని వింటిని. ఇది నిజమేనా? నిజమైనచో ఆ ఊరి కంతటి పెద్దరికము ఎట్లు వచ్చినది?" అని వారి ప్రశ్న.

నిజమే. 2014వ సంవత్సరము అక్టోబరు మాసమున భారత ప్రభుత్వము దేశీయ సహజవాయువునకు ధర కట్టుటకై యొక సూత్రమును ప్రకటించెను. అమెరికా, బ్రిటన్, కెనడా, రష్యా దేశములలోని ధరలను ఆయా దేశముల వాడుకనుబట్టి కలిపి సగటు తీయుటయే ఆ సూత్రము. అందు అమెరికా ధర యనగా హెన్రీ హబ్ ధర. లూయిసియానా రాష్ట్రమున ఎరాత్ అను చిన్న ఊరి చెంత అనేక గొట్టపుమార్గములు కలిసెడి కూడలికి ఆ పేరు. 2023 వరకు ఆ కూడలిలోని బేరము కోనసీమ బావుల ధరలో పాలుపంచుకొనినది.

విచిత్రమేమన, హెన్రీ హబ్‌ను నేడు స్వేచ్ఛావాణిజ్యమునకు గురుతుగా చెప్పుకొనెడి ఆ అమెరికాలోనే, బావివద్ద వాయువు ధరను చాలకాలము ప్రభుత్వమే నిర్ణయించుచుండెను. ప్రభుత్వ మా వ్యాపారములో ఎట్లు ప్రవేశించినది, ఎచ్చట దారి తప్పినది, ఎచ్చటినుండి వైదొలగినది, దేనిని మాత్రము నేటికిని వదలక పట్టుకొనియున్నది అను సంగతులను తెలిసికొనిననే గాని శ్రోత ప్రశ్నకు సమాధానము దొరకదు.

ముందుగా సరకు స్వభావమును చూతము. కట్టెలను మోపు కట్టవచ్చును. కిరసనాయిలును డబ్బాలో పోయవచ్చును. సహజవాయువు నట్లు మోయుటకు వీలులేదు. సున్నకు దిగువ 162 డిగ్రీల వరకు చల్లార్చినగాని అది ద్రవము కాదు. మన వంటయిండ్లకు సిలిండరులలో వచ్చునది వేరొక పదార్థము. సహజవాయువునకు సహజమైన దారి గొట్టపుమార్గమే. ఆ మార్గమునకు పెట్టుబడి మిక్కిలి ఎక్కువ. కావున ఒక ఊరికి సాధారణముగా ఒకే మార్గ ముండును. ఏటి కావల వందమంది రైతులు, ఈవల వేయి కుటుంబములు ఉన్నవనుకొందము. నడుమ వంతెన యొక్కటే. వంతెన గలవాడు సుంకము మాత్రము తీసికొని ఊరకుండక, ఆవలి ధాన్యమంతయు తానే కొని, ఈవల తానే అమ్మినచో రైతును గృహస్థును వాని దయకు లోబడినవారే యగుదురు. వాయువు కథయంతయు ఈ వంతెన కథయే.

అమెరికాలో 1816లో బాల్టిమోరు నగరమున కృత్రిమముగా తయారుచేసిన వాయువుతో దీపములు వెలిగించిరి. 1821లో న్యూయార్కు రాష్ట్రపు ఫ్రెడోనియా గ్రామమున విలియం హార్ట్ అనునతడు నేలను తొలిచి సహజవాయువును తీసి, గొట్టములగుండ ఇండ్లకు పంపెను. ఆ కాలమున వాయువు పుట్టిన ఊరిలోనో, పొరుగుననో ఖర్చగుచుండెను గనుక పురపాలక సంఘముల అదుపు చాలినది. 1907లో న్యూయార్కు, విస్కాన్సిన్ రాష్ట్రములు ఇట్టి కంపెనీల ధరలను విచారించుటకు ప్రత్యేక కమిషన్లను నెలకొల్పెను. ఇతర రాష్ట్రములును క్రమముగా ఆ దారి పట్టినవి.

ఇంతలో ఇనుప గొట్టములను గట్టిగా అతుకు విద్య అభివృద్ధి చెందెను. 1931 నాటికి టెక్సాస్ రాష్ట్రపు ఉత్తరభాగమునుండి షికాగో నగరమునకు రమారమి వేయి మైళ్ల గొట్టపుమార్గము సిద్ధమాయెను. వాయువు రాష్ట్రముల సరిహద్దులను దాటినది. చట్టము దాటలేకపోయినది. వెలుపలినుండి వచ్చు వాయువును టోకున అమ్ము ధరను, దానిని పుచ్చుకొను రాష్ట్రము నిర్ణయింపరాదని 1924లోనే అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పియుండెను. షికాగో గృహిణికి చేరు వాయువు మీద టెక్సాస్ ప్రభుత్వమునకు అధికారము లేదు, ఇల్లినాయ్ ప్రభుత్వమునకును లేదు. 1928 మొదలు 1935 వరకు జరిగిన ప్రభుత్వ విచారణలో, దేశములోని గొట్టపుమార్గములలో అధికభాగము కొలది పెద్ద కంపెనీల చేతులలో నున్నదని తేలినది.

దాని ఫలితమే 1938 నాటి సహజవాయు శాసనము. రూజ్వెల్టు అధ్యక్షుడుగా నున్న దినములవి. రాష్ట్రములను దాటి వాయువును మోసి టోకున అమ్ము కంపెనీల ధరలు న్యాయముగను, సమంజసముగను ఉండవలెనని ఆ శాసనము విధించెను. విచారించు బాధ్యత ఫెడరల్ పవర్ కమిషన్‌కు అప్పగింపబడినది. గొట్టము వేసినందుకైన వ్యయమెంత, నడుపుట కెంత, పెట్టుబడికి న్యాయమైన ప్రతిఫలమెంత అని లెక్కించి కమిషన్ ధర తేల్చును. వాయువును బావినుండి తీయుట, ఒకచోటికి చేర్చుట అను పనులు మాత్రము ఈ శాసనమునకు లోబడవని అందే వ్రాసిరి. అనగా వంతెనకు అదుపు, రైతునకు స్వేచ్ఛ. ఈ విభాగము వివేకవంతమైనదని మా అభిప్రాయము. కాని అది పదునారేండ్లకు మించి నిలువలేదు.

విస్కాన్సిన్ రాష్ట్రమువారికి ఒక న్యాయమైన సందేహము కలిగినది. గొట్టపుమార్గపు కంపెనీ బావివద్ద ఎంత ధర యిచ్చినను ఆ భారము చివరకు గృహస్థుని మీదనే పడుచున్నది. అట్టిచో బావి ధరను విడిచిపెట్టి గొట్టపు కూలిని మాత్రము విచారించుటవలన లాభమేమి? ఈ వాదముతో వారు ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీపై కమిషన్ నాశ్రయించిరి. తనకు అధికారము లేదని కమిషన్ చెప్పినది. వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయినది. 1954 జూన్ 7వ తేదీన అయిదుగురు న్యాయమూర్తు లొకవైపు, ముగ్గు రొకవైపు నిలిచిరి. రాష్ట్రము దాటి పోవు వాయువును బావిగలవా డమ్మినను ఆ యమ్మకము శాసనమునకు లోబడునని అధికసంఖ్యాకుల తీర్పు. అక్కర లేదన్న కమిషన్ నెత్తినే అధికారము వచ్చి కూర్చున్నది.

ఈ తీర్పును శాసనముతో మార్పవలెనని ఉత్పత్తిదారులు ప్రయత్నింపకపోలేదు. అట్టి బిల్లు నొకదానిని 1950లోనే ట్రూమన్ అధ్యక్షుడు తిరస్కరించియుండెను. 1956లో మరియొక బిల్లు ఉభయసభలలోను నెగ్గినది. ఐసన్‌హోవర్ అధ్యక్షునకు దాని ఉద్దేశము నచ్చినదియే. కాని సెనేటులో చర్చ జరుగుచుండగా ఫ్రాన్సిస్ కేస్ అను సభ్యుడు లేచి, తన యెన్నికల ఖర్చునకని 2,500 డాలర్లు తెచ్చియిచ్చిరనియు, ఆ సొమ్ముకును ఈ బిల్లునకును సంబంధమున్నట్లు తోచుటచే తాను బిల్లునకు వ్యతిరేకముగా వోటు చేయుదుననియు బయటపెట్టెను. ఐసన్‌హోవర్ ఆ బిల్లుపై సంతకము చేయ నిరాకరించెను. ధర విధానము మంచిదా చెడ్డదా అను చర్చ అంతటితో మరుగున పడినది. బావి ధరపై అదుపు నిలిచిపోయినది.

ఆ అదుపును నడుపుట ఎట్లు? గొట్టపు ఖర్చును లెక్కకట్టవచ్చును. బావి ఖర్చును కట్టుట కష్టము. పది బావులు త్రవ్వినచో కొన్ని వట్టిపోవును. ఒకే బావినుండి చమురు, వాయువు రెండును వచ్చును. వట్టిపోయిన బావి ఖర్చును దేనికి చేర్పవలెను? ఉత్పత్తిదారులు వేలకొలది. ఒక్కొక్కని లెక్క వేరు. 1960 డిసెంబరులో జేమ్స్ లాండిస్ అను న్యాయవేత్త, అధ్యక్షుడుగా ఎన్నికైన కెనడీకి ఒక నివేదిక సమర్పించెను. అప్పటికి పేరుకొనిన వాయువు వ్యాజ్యములను తీర్చుటకే 13 సంవత్సరములు పట్టుననియు, ఆ లోపల వచ్చిపడు 6,500 వ్యాజ్యములనుగూడ ముగించి సరిచూచుకొనునప్పటికి, సిబ్బందిని మూడింతలు చేసినను, 2043వ సంవత్సరము వచ్చుననియు అందు వ్రాసెను. ఆ సంవత్సరము మనకింకను రాలేదు.

కమిషన్ ఈ మార్గమును విడిచి, ప్రాంతమున కొక ధర యను పద్ధతిని చేపట్టెను. 1965లో పెర్మియన్ ప్రాంతమునకు ధరలు ప్రకటించెను. టెక్సాస్ భాగమున కొత్తగా లభించు వాయువునకు వేయి ఘనపుటడుగులకు 16.5 సెంట్లు, పాత బావుల వాయువునకు అంతకు తక్కువ. పొయ్యిలో రెండును ఒకే మంట. పుస్తకములో రెండు ధరలు.

చవుక ధరవలన ప్రజలకు మేలు కలుగలేదని చెప్పరాదు. చలిదేశములలో ఇల్లు వెచ్చగా నుండుట ప్రాణావసరము. లక్షలాది కుటుంబములవారు బొగ్గు పొగ బాధనుండి బయటపడిరి. 1950 నుండి 1972 వరకు అమెరికాలో వాయువు వాడుక మూడురెట్లకు మించి పెరిగినది. కాని వాడుకను పెంచిన ఆ చవుక ధరయే వెదకుటను తగ్గించినది. 1968లో తొలిసారిగా ఆ దేశమున ఒక యేడు తీసిన వాయువు, ఆ యేడు కొత్తగా కనుగొనిన వాయువును మించినది. అంతేగాక కమిషన్ అధికారము రాష్ట్రము దాటిన వాయువు మీదనే. టెక్సాస్ వాయువును టెక్సాస్‌లోనే అమ్మినచో ఏ ధరకైన నమ్మవచ్చును. అట్టిచో తక్కువ ధరకు ఒహాయోకు పంపు వెర్రివాడెవడు?

యుద్ధకాలపు కంట్రోలులను గూర్చి మన పెద్దలు చెప్పగా వినినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. బోర్డు మీద ధర చవుకగానే యుండును. కొట్టులో బియ్యము మాత్రముండదు. 1970 తరువాతి సంవత్సరములలో అమెరికాలో పలుచోట్ల కొత్తగా ఇల్లు కట్టుకొనినవారికి వాయువు కనెక్షను నిరాకరింపబడినది. ముందే కనెక్షనున్నవానికి చవుక వాయువు, వెనుక వచ్చినవానికి శూన్యము. ధర తగ్గించినవారి పేరు అందరికిని తెలియును. వాయువు దొరకనివారి పేరు ఏ లెక్కలోను ఎక్కలేదు.

1976-77 శీతకాలమున ఆ లెక్క బయటపడినది. మిక్కిలి కఠినమైన చలి. ఒహాయో మొదలగు రాష్ట్రములలో వాయువు చాలక బడులు మూసిరి, కర్మాగారములు నిలిచిపోయినవి, లక్షలాది కార్మికులు పనులు లేక ఇంట కూర్చుండిరి. అదే సమయమున టెక్సాస్‌లో వాయువు కొదువలేదు. జనవరి 20వ తేదీన పదవిని స్వీకరించిన జిమ్మీ కార్టర్, ఫిబ్రవరి 2వ తేదీన అత్యవసర శాసనముపై సంతకము చేసి, ఆ రాత్రియే ఉన్ని చొక్కా తొడిగికొని టెలివిజనులో కనబడెను. ఇండ్లలోని వేడిని పగలు 65, రాత్రి 55 ఫారన్‌హీటు డిగ్రీలకు తగ్గించుకొనుడని ప్రజలను కోరెను.

1978 నవంబరులో క్రొత్త శాసనము వచ్చెను. కమిషన్ స్థానమున అంతకు ముందటి యేడే ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్ ఏర్పడియుండెను. రాష్ట్రము లోపలి వాయువును గూడ అదుపులోనికి తెచ్చి, వాయువును ఇరువదికి మించిన తరగతులుగా విభజించి, తరగతి కొక ధర విధించిరి. కొత్త వాయువులో చాలభాగమునకు 1985 నుండి విముక్తి. 15,000 అడుగులకు దిగువనుండి తీసిన వాయువునకు అంతకంటె ముందే విముక్తి.

కొరతకు జడిసియున్న గొట్టపు కంపెనీలు ఈ అవకాశముపై ఎగబడినవి. లోతు బావుల వాయువునకు కొన్నిచోట్ల వేయి ఘనపుటడుగులకు 9 డాలర్లకు మించి యిచ్చుటకు ఒప్పుకొనినవి. సరకు తీసికొనినను తీసికొనకపోయినను సొమ్ము చెల్లింతుమని దీర్ఘకాలపు ఒడంబడికలు వ్రాసియిచ్చినవి. పాత చవుక వాయువుతో దీనిని కలిపి అమ్మినచో సగటున గిట్టునని వారి లెక్క. ఇంతలో ఆర్థికమాంద్యము వచ్చినది, వాడుక తగ్గినది, వాయువు మిగిలిపోయినది. సరకు మిగిలినప్పుడు ధర తగ్గవలెను గదా! కాని 1978లో గృహములకు వేయి ఘనపుటడుగులకు సుమారు 2.5 డాలర్లుండిన ధర 1983 నాటికి 6 డాలర్లు దాటెను. వంతెన గలవాడు తాను హెచ్చు ధరకు కొనిన ధాన్యమును అమ్ముకొనుటకై, ఆవలనున్న చవుక ధాన్యమునకు దారి యీయలేదు.

అప్పుడుగాని అసలు రోగము కనబడలేదు. కష్టము బావివద్ద లేదు, వంతెనవద్ద నున్నది. 1985 అక్టోబరులో కమిషన్ 436వ ఉత్తర్వును జారీచేసి, ఎవరి వాయువునైనను సమానమైన కూలికి మోయుటకు గొట్టపు కంపెనీలను ప్రోత్సహించెను. 1989లో బావి ధరపై మిగిలిన అదుపులన్నియు 1993 జనవరి 1 నాటికి ముగియునట్లు శాసనము చేసిరి. 1992 ఏప్రిలులో 636వ ఉత్తర్వు వచ్చినది. మోయువాడు మోయుటను అమ్మకమునుండి విడదీసి తీరవలెనని దాని సారాంశము. వంతెనగలవాడు వంతెన సుంకమునే తీసికొనవలెను. ఆ సుంకము మాత్రము నేటికిని ప్రభుత్వ విచారణకు లోబడియే యున్నది.

మార్గము తెరువబడుటతో కొనువారును అమ్మువారును అనేకులు కూడలులలో కలిసికొనిరి. హెన్రీ హబ్ అట్టి కూడలి. 1990 ఏప్రిలులో న్యూయార్కు వర్తక విపణిలో ఆ కూడలి పేరిట ముందస్తు బేరములు మొదలాయెను. ఆ ఊరికి పెద్దరిక మెట్లు వచ్చినదని మన శ్రోత అడిగిన ప్రశ్నకు ఇదియే సమాధానము. అచ్చటి ధరను ఏ యొక్కడును నిర్ణయింపజాలడు. అందుచేతనే ఇతరు లా ధరను నమ్మిరి.

అయితే కథ యింతటితో సుఖాంతమైనదని చెప్పుట సత్యము కాదు. 2000-01లో పశ్చిమ రాష్ట్రములలో ధరలు విపరీతముగా పెరిగినప్పుడు, కొందరు వర్తకులు పత్రికలకు తప్పుడు ధరలు పంపిరని రుజువైనది. 2005 శాసనము ఇట్టి మోసములకు దినమునకు పది లక్షల డాలర్ల వరకు జరిమానా విధించు అధికారమును కమిషన్‌కు ఇచ్చెను. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో ఘోరమైన చలిగాలి వీచినది. బావులు, యంత్రములు గడ్డకట్టినవి, విద్యుత్తు ఆగిపోయినది. హెన్రీ హబ్‌లో ధర 23 డాలర్లు దాటగా, టెక్సాస్, ఓక్లహామా కూడలులలో వందల డాలర్లకు చేరినది. టెక్సాస్ ప్రభుత్వపు లెక్కనుబట్టియే 246 మంది మరణించిరి. ఆ కొలది దినముల వాయువు ఖర్చును బాండ్లుగా మార్చి, గృహస్థులనుండి సంవత్సరముల తరబడి వసూలు చేయుటకు ఆ రెండు రాష్ట్రములును ఏర్పాట్లు చేసినవి. చలికి యంత్రములను సిద్ధము చేసికొనవలెనని 2011 నాటి చలి తరువాతనే హెచ్చరించియుండిరి. విధిగా చేయవలెనని మాత్రము నిర్బంధింపలేదు. 1977లో ధర యున్నది, వాయువు లేదు. 2021లో ధరకు హద్దు లేదు, అయినను వాయువు చాలలేదు. కావున ప్రభుత్వపు అదుపు ఉండవలెనా, ఉండరాదా అనునది అసలు ప్రశ్న కాదు. ఎచ్చట ఉండవలెను అనునదియే ప్రశ్న.

ఇక కోనసీమకు వత్తము. హెన్రీ హబ్ ధర నమ్మదగినదే కావచ్చును. కాని అది లూయిసియానాలోని సరకునకు, అచ్చటి అక్కరకు సరిపడిన ధర. దానిని ఎరువు తెచ్చుకొనిన ఫలితమేమన, పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్ల వేడినిచ్చు వాయువునకు, అనగా రమారమి వేయి ఘనపుటడుగులకు, 2020 అక్టోబరులో మన దేశీయ ధర 1.79 డాలర్లకు దిగినది. 2022 అక్టోబరులో 8.57 డాలర్లకు ఎక్కినది. ఆ రెండేండ్లలో రాజోలు బావి ఖర్చు అంతగా మారలేదు, ఇచ్చటి పొయ్యి అక్కరయు మారలేదు. 2023 ఏప్రిలులో ప్రభుత్వము ఆ సూత్రమును విడిచి, మనము కొను ముడిచమురు ధరలో పదియవ వంతును ప్రాతిపదికగా తీసికొని, ప్రభుత్వరంగ సంస్థల పాత క్షేత్రముల వాయువునకు 4 డాలర్ల కనిష్ఠమును, మొదట 6.5 డాలర్ల గరిష్ఠమును విధించెను. ఆ క్షేత్రములలోనే కొత్త బావులనుండి తీసిన వాయువునకు ఇరువది శాతము అధికముగా తీసికొనవచ్చును. పాత వాయువు, కొత్త వాయువు అను మాటలు మనకును వచ్చినవి.

గృహస్థునకు, చిన్న పరిశ్రమకు గరిష్ఠధర యొక రక్షణ. దానిని తేలికగా చూడరాదు. అయితే అమెరికావారు ఒక శీతకాలమంత వెల పెట్టి నేర్చుకొనిన పాఠమును మనము ఉచితముగా నేర్చుకొనవచ్చును. ధర నిర్ణయించిన నాటినుండి కొత్త బావులెన్ని త్రవ్వుచున్నారో, కనెక్షను కొరకు ఎందరు వేచియున్నారో ఏటేట లెక్క చూచుకొనుచుండవలెను. గొట్టము వేసినవాడు ఇతరుల వాయువునకు దారి యిచ్చుచున్నాడా లేదా అని 2006 నాటి శాసనముచే ఏర్పడిన మన నియంత్రణమండలి కన్నువేసి యుండవలెను. రాజోలు శ్రోత తన తోటగట్టున బావిని చూచుచున్నారు గనుక ధర ఎవరు కట్టిరని అడిగిరి. ఆ గొట్టము ఎవరి అదుపులో నున్నదని గూడ వారు, వారితోపాటు మన మందరమును, అడుగుచుండుట మంచిది.